మిల్లెస్ కంచు దేవతల వెంట స్వీడన్‌లో

స్టాక్‌హోమ్‌లో ఒక్క పూటే ఖాళీ ఉంటే లిడింగో ద్వీపంలోని మిల్లెస్‌గోర్డెన్‌కు వెళ్ళమంటాను. శిల్పి కార్ల్ మిల్లెస్ (1875–1955) 1906లో అక్కడ నీటి ఒడ్డున కొండ అంచు స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. 1936లో తోటతో, శిల్పాలతో సహా దాన్ని స్వీడన్ ప్రజలకు రాసిచ్చారు. ఎర్ర లైను మెట్రోలో రోప్‌స్టెన్ దాకా వెళ్ళి బస్సెక్కితే వంతెన అవతలే. తోటంతా మెట్లే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని తీసుకెళ్ళేముందు ఆలోచించండి.

నన్ను కట్టిపడేసింది 1949 నాటి 'మనిషి–పెగాసస్'. ఎత్తైన స్తంభం కొనన రెక్కల గుర్రం నిటారుగా లేచి ఉంటుంది. దాని పక్కన గ్రీకు పురాణ వీరుడు బెల్లెరోఫోన్ జీను లేకుండా, కళ్ళెం లేకుండా, చేతులు చాచి గాలిలో ఈదుతుంటాడు. అంత బరువైన కంచు ఎలా నిలబడిందో తెలుసుకోవాలని చుట్టూ తిరిగాను. పురాణ కథలో అతడు గుర్రం మీంచి కిందపడతాడు, ఇక్కడ మాత్రం ఇంకా పైకే పోతున్నాడు. యవ్వనంలో పారిస్‌లో ఉండి ఫ్రెంచి శిల్పి రోదాఁ ప్రభావానికి లోనైన మిల్లెస్, తర్వాత తన బొమ్మల్లో కండలు తగ్గించి ఒళ్ళు సాగదీశారు. ఆకాశం వెనుక ఉంటేనే ఆ సాగదీతకు అర్థం.

హోటోర్యెట్ కూడలిలో, నోబెల్ బహుమతులిచ్చే కాన్సర్ట్ హాలు ముందు, గ్రీకు పురాణ గాయకుడు ఆర్ఫియస్ పేరిట ఆయన చేసిన ఫౌంటెన్ (1936) ఉంది. టికెట్ లేదు. కానీ పూల బండ్లు, పండ్ల పెట్టెలు, కేకల మధ్య వీణ పట్టిన ఆ గాయకుడి కంటే చెర్రీల ధరే ముందు కంటపడుతుంది. అంగళ్ళు తెరవకముందే వెళ్ళండి.

గోథెన్‌బర్గ్‌లో ఆయన చేసిన గ్రీకు సముద్ర దేవుడు పొసైడన్ (1931) కోసం రైల్లో మూడు గంటలు వెళ్ళాలా? దాని నకలు మిల్లెస్‌గోర్డెన్‌లోనే ఉంది. అయినా పెద్ద వీధి చివర, కళా మ్యూజియం ముందు, చేప, శంఖం పట్టుకుని నిలబడ్డ ఆ ఏడు మీటర్ల దేవుడి దర్పం తోటలో రాదు. ఆ ఊళ్ళో వేరే పనుంటేనే వెళ్ళండి.

బస విషయానికొస్తే, మేము దిగిన హాస్టల్ శుభ్రమే, దుప్పట్లకు మాత్రం వేరే రుసుము. సొంత దుప్పటి తెచ్చుకోవచ్చేమో బుక్ చేసేటప్పుడే అడగండి. నగదు చాలాచోట్ల తీసుకోరు, కార్డు తప్పనిసరి. చలికాలంలో ఫౌంటెన్లు ఆపేస్తారు కాబట్టి జూన్–ఆగస్టు మధ్య వెళితే మేలు.