బెజవాడలో కీబోర్డును ఎక్స్ఛేంజికి ఇవ్వబోయేవారికి ఒక హెచ్చరిక

ఆ వాద్యాల కొట్టు పేరు ఇక్కడ రాయను. బెజవాడలో ఆర్కెస్ట్రాలకు వాయించేవారికి రాయనక్కరలేదు కూడా. పదకొండేళ్లు నాకు అన్నం పెట్టిన అరవై ఒక్క మెట్ల యమహా కీబోర్డును గత వారం అక్కడ ఇచ్చి, పైన 38,000 రూపాయలు చెల్లించి, పాత ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటరు శబ్దాన్ని స్పీకర్లకు అందించే పెట్టె), మిడి కంట్రోలర్, వాద్యాల శబ్దాలు పలికించే సాఫ్ట్‌వేర్ కలిపిన సెట్టును తెచ్చుకున్నాను. నా కీబోర్డుకు 6,000 విలువ కట్టి, "ఇప్పుడు ఇలాంటివి ఎవరు కొంటారండీ" అని నా మీద జాలి కూడా చూపించారు.

మిడి కంట్రోలర్‌లో శబ్దం ఉండదని, ఏ మెట్టును ఎంత బలంగా నొక్కామో కంప్యూటరుకు తెలియజేయడమే దాని పని అని నాకు తెలుసు. కొట్టులో ఒక్క పియానో వినిపించి మురిపించారు. ఇంట్లో వయొలిన్లు, వేణువు కూడా కలపగానే చిటపటలు మొదలయ్యాయి. బఫర్‌ను, అంటే కంప్యూటరు ఒక్కో విడతలో సిద్ధం చేసుకునే శబ్దపు ముక్కల (శాంపిళ్ల) సంఖ్యను, 128కు తగ్గిస్తే ఆ ముసలి ప్రాసెసరు అందుకోలేకపోయింది. 1024కు పెంచితే చిటపటలు తగ్గాయి కానీ, సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అక్కడే 23 మిల్లీసెకన్ల ఆలస్యం వచ్చిపడి, నా స్వరం తబలా దెబ్బకు వెనకబడింది. స్విచ్చి వేయగానే పలికే కీబోర్డును ఇచ్చి ఈ భాగ్యాన్ని కొనుక్కున్నాను. మా ఆవిడ చిలక్కి చెప్పినట్లు చెప్పినా వినలేదు.

మొన్న గుంటూరు బ్రాడీపేటలో పెళ్లి రిసెప్షన్ జరుగుతుండగా, రెండో పాట చరణంలో లైసెన్సు చెల్లదని తెర మీద వచ్చి సాఫ్ట్‌వేర్ మూగబోయింది. గాయని నవ్వు చెదరనీయకుండా తబలా మీదే చరణం ముగించింది. "లైసెన్సు మీ పేరు మీదికి మార్చి ఇస్తాం" అని కొట్టువాళ్లు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. విచారిస్తే అది దొంగ కాపీ అని తేలింది.

నిన్న ఉదయం కొట్టుకు వెళ్లాను. గాజు అరలో నా కీబోర్డు 19,500 చీటీతో నిలబడి ఉంది. పైనంతా తళతళలాడేలా తుడిచారు కానీ, రెండు నల్లమెట్ల సందున ఆయుధపూజనాడు మా అమ్మాయి పెట్టిన కుంకుమ అలాగే ఉంది. నాకిచ్చిన సెట్టు సంగతేమిటని అడిగితే, యజమాని ఫోనులోంచి తల ఎత్తకుండానే, "వాయించడం వచ్చినవాళ్లు సామానుకు వంకలు పెట్టరు, మాస్టారూ" అన్నారు. ఇరవై రెండేళ్లుగా వేదికల మీద వాయిస్తున్న నాకు నోట మాట రాలేదు. డబ్బు పోయినందుకన్నా, అక్కడున్న ఇద్దరు కుర్రాళ్లు కిసుక్కుమన్నందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. మంచి యంత్రం, సొంత లైసెన్సు ఉన్నవారికి అది పనికొస్తుంది. కొనేవారు కొట్టులోనే నాలుగు వాద్యాలు కలిపి అరగంట వాయించి చూడండి. సీరియల్ నంబరు, లైసెన్సు వివరాలు బిల్లులో రాయించుకోండి. నాకు ఇచ్చింది తెల్లకాగితం మీద రాసిన మొత్తం మాత్రమే, దాన్ని పట్టుకునే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఆదివారం కార్యక్రమానికి ఎవరి దగ్గరైనా అద్దెకు కీబోర్డు ఉంటే దయచేసి తెలియజేయండి.