తెల్ల కణాలు పెరిగాయని బ్లడ్ రిపోర్టు చూపించి అమ్మే ‘టెండన్ కిట్’తో జాగ్రత్త

మిర్యాలగూడ, నల్లగొండ, దేవరకొండ వైపు, అటు కల్వకుర్తి, జడ్చర్ల దాకా ‘టెండన్ కిట్’ అని ఒక మందు ఇళ్లకు తెచ్చి అమ్ముతున్నారు. టెండన్ అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి పీచు. భుజం లేవనివాళ్లు, మడమ వెనక నరం పట్టేసినవాళ్లు, మోచేయి నొప్పితో పత్తి ఏరలేకపోతున్నవాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని మరీ వస్తున్నారు. ధర 12,500 రూపాయలు. దయచేసి కొనకండి. మా బావ కొన్నాడు. అసలు మోసం ఎక్కడుందో తెలిస్తే రేపు ఇదే సరుకు ఇంకో పేరుతో వచ్చినా గుర్తుపడతారని కాస్త వివరంగా రాస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, వాళ్లు లేబుల్ మార్చేస్తారు. ఆనవాళ్లు చెప్తాను.

అట్టపెట్టెలో ఒక నూనె సీసా, వెండి రంగు పొట్లాలు, ఒక చిన్న పుస్తకం. సీసా మీద పరిగెత్తే గుర్రం బొమ్మ ఉంది, లైసెన్స్ నంబర్ లేదు. పొట్లాల మీద అసలు అచ్చే లేదు. పొద్దున వేసుకునేదానికి ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గీత, రాత్రిదానికి రెండు గీతలు. నోరు స్టాప్లర్ పిన్నుతో మూసేశారు. లోపల లేత గోధుమరంగు పొడి, సొంటి వాసన. బాగా చూస్తే ఆ పొడిలో తెల్లటి పలుకులు వేరుగా కనబడతాయి, మాత్ర నూరి కలిపినట్టు. పుస్తకంలో మాత్రం భాష గొప్పగా ఉంది. ఈ మందు ‘తెల్ల రక్తకణాలను 10 రెట్లు పెంచి’ తెగిన టెండన్‌ను 21 రోజుల్లో అతికిస్తుందట, ఇది ‘నోబెల్ వచ్చిన సైన్స్’ అట.

మా బావ రైస్ మిల్లులో హమాలీ. 50 కిలోల బస్తాలు ఏళ్ల తరబడి ఒకే భుజం మీద మోసి మోసి అక్కడి టెండన్ అరిగింది. స్కాన్‌లో సగం మందం దాకా చిన్న చిరుగు ఉందన్నారు. బరువులు ఆపి ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు. కూలీ ఆగితే ఇల్లు గడవదు కాబట్టి, పని మానక్కర్లేదన్న మందు వైపు మొగ్గాడు. అందులో ఆయన్ని తప్పుపట్టేదేం లేదు. మందు మొదలుపెట్టిన రెండో రోజుకే ఫోన్ చేశాడు: “నొప్పి సల్లబడ్డది బామ్మర్దీ, మంచిగ పనిచేస్తుంది మందు.” మళ్లీ బస్తాలు ఎత్తడం మొదలుపెట్టాడు.

ఇక అసలు కిటుకు. ఏజెంట్ మందు ఇచ్చేముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి ‘ఉచితంగా’ రక్తపరీక్ష చేయించాడు. రిపోర్టులు నిజమైనవే, ల్యాబ్ కూడా మామూలు ల్యాబే. మొదటి దాంట్లో తెల్ల కణాలు 7,200. రెండో దాంట్లో 14,800. ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, “చూసినవా అన్నా, డబుల్ అయినై, ఇక టెండన్ అతుక్కున్నట్టే” అని రెండో కిట్టు అంటగట్టాడు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పడిపోతున్నారు. అంకె అబద్ధం కాదు కదా.

ఈలోపు బావ ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఆకలి విపరీతం. ఎప్పుడూ షుగర్ లేని మనిషికి పరగడుపున చేసిన పరీక్షలో షుగర్ బయటపడింది. ఒకరోజు బస్తా దించుతుంటే భుజంలో టప్పుమంది, చేయి పైకి లేవలేదు. నల్లగొండ సర్కారు దవాఖానాలో ఎముకల డాక్టరు కొత్త స్కాన్ చూస్తే చిరుగు టెండన్ మందం మొత్తానికి పాకింది. తర్వాత ఆ రెండు బ్లడ్ రిపోర్టులు అడిగి తీసుకుని, ఏజెంట్ సున్నా చుట్టిన అంకె వదిలేసి దాని కింది లైన్లు చదివారు. న్యూట్రోఫిల్స్ బాగా పెరిగాయి, లింఫోసైట్లు తగ్గాయి, ఇసినోఫిల్స్ సున్నా (మూడూ తెల్ల కణాల్లో రకాలే). జ్వరం లేదు, ఎక్కడా చీము లేదు. “ఏమయ్యా, ఏం పొడి తింటున్నవ్? ఇది స్టెరాయిడ్ తిన్నోళ్ల రిపోర్టు లెక్క ఉంది” అన్నారు. పొడిలో ఏముందో తేల్చాల్సింది ల్యాబే. కానీ ముఖం, షుగర్, రిపోర్టు మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయని చెప్పారు.

స్టెరాయిడ్ తింటే తెల్ల కణాలు పెరగడం ఏంటని నాకూ అనుమానం వచ్చింది. అవి వాపు, నొప్పితో పాటు ఇమ్యూనిటీని తగ్గించే మందులు కదా. సంగతేంటంటే, న్యూట్రోఫిల్స్‌లో పెద్ద భాగం మామూలుగా రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉంటాయి. ఎక్కడైనా దెబ్బ తగిలితే గోడ దాటి అక్కడికి వెళ్తాయి. స్టెరాయిడ్ పడగానే గోడ మీది పట్టు వదిలేసి రక్తంలో తిరుగుతూ ఉండిపోతాయి, ఎముక మజ్జ నుంచి ఇంకొన్ని వచ్చి కలుస్తాయి. సూదితో తీసిన రక్తంలో లెక్క పెరుగుతుంది, గాయం దగ్గర తగ్గుతుంది. డాక్టరు బావకు అర్థమయ్యేట్టు చెప్పింది ఇదే: హమాలీలంతా మిల్లు గేటు దగ్గర గుంపుగా నిలబడితే తల లెక్క ఘనంగానే ఉంటుంది, లారీలో సరుకు మాత్రం దిగదు.

అంటే ఏజెంట్ రుజువుగా చూపించిన రిపోర్టే అతని మందు మీద అనుమానం పుట్టించింది. నాకైతే కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది, ఎంత తెలివిగా అల్లారో అని.

టెండన్ మానే పద్ధతి కొంచెం తెలిస్తే ‘10 రెట్లు’ మాట ఎంత పనికిమాలినదో అర్థమవుతుంది. దెబ్బ తగలగానే అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఒక రోజులోపే న్యూట్రోఫిల్స్ చేరతాయి. వాటి వెనక మోనోసైట్లు అనే ఇంకో రకం తెల్ల కణాలు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారి చచ్చిన కణాల్ని, తెగిన పీచుల్ని మింగి శుభ్రం చేస్తాయి. ఈ దశలో ఇమ్యూన్ కణాలు వదిలే ఐఎల్-1, టీఎన్‌ఎఫ్ లాంటి సంకేతాల వల్లే వాపు, నొప్పి, వేడి. కొన్ని రోజులకు మాక్రోఫేజ్‌ల తీరు మారుతుంది. వాపు రేపే పని తగ్గించి, టీజీఎఫ్-బీటా లాంటి సంకేతాలతో టీనోసైట్లను, అంటే టెండన్ సొంత కణాల్ని, పనికి పురమాయిస్తాయి. అవి మొదట టైప్-3 కొల్లాజెన్ (టెండన్ పీచుకు ముడిసరుకైన ప్రోటీన్‌లో ఒక రకం) వేస్తాయి. అది బలం తక్కువది, అడ్డదిడ్డంగా పడుతుంది. తర్వాత నెలల తరబడి టైప్-1 దాని స్థానంలోకి వచ్చి, పోగులు లాగుడు దిశలో సర్దుకుంటాయి. ఇదంతా పూర్తవడానికి ఏడాది పట్టొచ్చు, పైన కూడా పట్టొచ్చు. టెండన్‌కు రక్తం అందేదే తక్కువ. ఇంత చేసినా మునుపటి గట్టిదనం పూర్తిగా రాదు. 21 రోజులు అన్న మాట దగ్గరే కిట్టు పక్కన పెట్టేయొచ్చు.

ఇక ఎక్కువ కణాలుంటే ఎక్కువ మేలా? కాదు. ఏ కణం, ఎప్పుడు వచ్చింది, సమయానికి తగ్గిందా లేదా, ఇదే లెక్క. వాపు రేపే దశ సాగితే మచ్చ కణజాలం పెరుగుతుంది, టెండన్ చుట్టుపక్కల కండకు అతుక్కుని చేయి కదలదు. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో ఎలుకల మడమ టెండన్‌కు గాయం చేసి, మాక్రోఫేజ్‌లను మందుతో తగ్గించి చూశారు. గాయం దగ్గర కొత్త కణజాలం తక్కువ పడింది, కానీ టెండన్ తట్టుకున్న లాగుడు మాత్రం పెరిగింది. అలాగని ఆ కణాలు అక్కర్లేదనీ కాదు, అవి చేసే శుభ్రం, ఇచ్చే సంకేతాలు కావాల్సినవే. మా బావలా ఏళ్ల అరుగుదలతో వచ్చిన సమస్యలోనూ వీటికి పాత్ర ఉంది. భుజం టెండన్ల తొలి దశ నమూనాల్లో మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు, టి-కణాలు లాంటి ఇమ్యూన్ కణాలు కనబడ్డాయని 2010లోనే రాశారు. ఇంత నాజూకు వ్యవహారాన్ని పేరులేని పొట్లంతో ‘పెంచేస్తాం’ అంటే నమ్మేదెట్లా?

పైగా తెల్ల కణాలు మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉంటాయి. నిజంగా 10 రెట్లయితే 70 వేలు దాటుతుంది. అప్పుడు ఏ డాక్టరూ టెండన్ గురించి మాట్లాడడు, ముందు బ్లడ్ క్యాన్సరేమో చూస్తాడు. నోబెల్ సంగతి కూడా చెప్పేస్తా. మింగే కణాల మీద పనిచేసిన మెచ్నికోవ్‌కు 1908లో ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చిన మాట నిజమే. గుర్రం బొమ్మ సీసాకు దాంతో చుట్టరికం ఏం లేదు.

ఇప్పటికే ఇలాంటి పొడి తింటున్నవాళ్లు ఇది మాత్రం తప్పకుండా చదవండి. ఈ పోస్టు చూసి భయపడి ఈరోజే టక్కున ఆపేయకండి. వారాల తరబడి స్టెరాయిడ్ తింటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులు, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మిగిలిన పొట్లాలు పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించాలో వాళ్లే రాసిస్తారు. మా బావకు కూడా మెల్లగా తగ్గించారు, భుజం ఆపరేషన్ కోసం నిమ్స్‌కు రాశారు. చిరుగు పెరగడంలో పొడి పాలెంత, నొప్పి తెలియక ఎత్తిన బస్తాల పాలెంత అని విడదీసి చెప్పలేమన్నారు డాక్టరు. స్టెరాయిడ్ టీనోసైట్ల పనిని అణిచి టెండన్‌ను బలహీనపరుస్తుంది, నొప్పి పోయిందని మనిషి బరువు ఎత్తుతాడు. రెండూ కలిస్తే ఇంతే.

ఇంకో చిన్న మాట. జ్వరానికో మూత్రంలో మంటకో మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ అడిగి తెచ్చుకునే అలవాటు మనకుంది. ఆ జాతి మందులతో టెండన్ తెగే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో లేబుల్ మీద పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పొట్లంలో ఏముందో తెలియనప్పుడు దాని మీద ఇవి వేసుకోవద్దు.

“మరి ఏం చేయాలి, పీఆర్‌పీ ఇంజెక్షన్ చేయించుకోవాలా” అని అడుగుతారని తెలుసు. పీఆర్‌పీ అంటే మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని నొప్పి చోట ఎక్కించడం. దీర్ఘకాలపు మడమ టెండన్ నొప్పి ఉన్న 240 మందితో బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే పీఆర్‌పీ మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. అదే మడమ నొప్పికి మెట్టు అంచు మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామం 1998 నుంచి వాడుకలో ఉంది, 12 వారాలు చేయాలి, ఖర్చు లేదు. తెగిన టెండన్‌కు మాత్రం డాక్టరు చూడకుండా అది చేయకూడదు. భుజానికి వ్యాయామాలు వేరు, ఫిజియో దగ్గర నేర్చుకోవాల్సిందే.

ఏ మందైనా కొనేముందు లేబుల్ తిప్పి చూడండి. ఆయుర్వేద మందుకైనా తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉండాలి. ఫుడ్ సప్లిమెంట్ అంటే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉండాలి. బిల్లు ఇవ్వమని అడగండి. మా బావకు ఇచ్చింది తెల్ల చీటీ మాత్రమే, అందుకే ఇప్పుడు ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఆధారం అయింది. ఫిర్యాదుకు తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ టోల్‌ఫ్రీ 1800-599-6969, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. గొడవ చేస్తామంటే ఏజెంట్ మెత్తబడి, “మిగిలిన పొట్లాలు, పుస్తకం, రిపోర్టులు మొత్తం ఇచ్చేయండి, పైసలు వాపస్ చేయిస్తా” అంటాడు. మా ఇంటికీ అదే బేరంతో వచ్చాడు. ఒక్క పొట్లం కూడా ఇవ్వకండి. పిన్ను తీయకుండా, ఎండ తగలని చోట దాచండి. ల్యాబ్‌కు పంపాల్సింది వాటినే.