పాత అడవికి ఏది మేలు: తాళమా, హక్కా, కొత్త మొక్కలా?

గొడ్డలి దెబ్బ ఎరగని అడవులు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి గానీ, వేగంగా తరిగిపోతున్నాయి. కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్ అడవుల్లో నరకకుండా మిగిలింది దాదాపు ఐదు శాతమే. మిగిలినదాన్ని కాపాడాలా వద్దా అన్న పేచీ పెద్దగా లేదు. ఎలా అన్న దగ్గరే గొడవంతా. నరికినచోట మళ్ళీ నాటుదామని కొందరంటారు. మనిషిని లోపలికి రానివ్వకుండా మూసేద్దామని కొందరు. అక్కడే బతికేవాళ్ళకు హక్కులిచ్చి, అడవిని వాళ్ళ చేతుల్లో పెడదామని ఇంకొందరు.

నాటడం సంగతి త్వరగా తేల్చేయొచ్చు. బీడుపడ్డ నేలలో మొక్కలు నాటడం మంచి పనే. పాత అడవికి బదులుగా నాటుతామంటేనే లెక్క తప్పుతుంది. తోటలో చెట్లన్నీ దాదాపు ఒకే జాతి, ఒకే వయసు. పాత అడవిలో చచ్చిన చెట్టుకు కూడా పని ఉంటుంది. ఎండిన మాను తొర్రల్లో పక్షులు గూళ్ళు పెడతాయి, కూలి కుళ్ళే దుంగల మీద నాచు, పుట్టగొడుగులు, పురుగులు బతుకుతాయి. ముసలి అడవి కార్బన్ పీల్చడం మానేస్తుందని చాలాకాలం నమ్మారు. అది నిజం కాదని 2008లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఎంత పీలుస్తుందన్న దాని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. ఆ వాదన ఎటు తేలినా, శతాబ్దాలుగా మానుల్లో, మట్టిలో దాచిన కార్బన్ నరికితే బయటపడుతుంది. అది మళ్ళీ చేరాలంటే మరికొన్ని శతాబ్దాలు ఆగాలి.

ఇక అసలు పోటీ తాళానికీ హక్కుకీ మధ్యే.

తాళం వేయడానికి మంచి ఉదాహరణ పోలండ్, బెలారస్ సరిహద్దులోని బియావొవియెజా అడవి. పోలండ్ వైపున్న అడవిలో నేషనల్ పార్క్ ఆరో వంతు మాత్రమే. మిగతాది ప్రభుత్వ అటవీశాఖ చేతిలో ఉంది. 2016లో స్ప్రూస్ చెట్లకు బెరడు పురుగు పట్టిందన్న కారణం చూపి, పార్క్ బయట నరికివేత పరిమితిని భారీగా పెంచారు. ఆ భాగానికీ యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఉంది, అయినా యంత్రాలు ఆగలేదు. చివరికి యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017లో ఆపమని ఆదేశించి, 2018లో యూరోపియన్ చట్టాన్ని పోలండ్ ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. ఇంత రభసలోనూ పార్క్ లోపలి చెట్ల జోలికి ఎవరూ పోలేదు. గట్టి తాళం పనిచేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కానీ తాళం పనిచేయాలంటే దాని వెనక గట్టి కోర్టు, జీతం అందే గార్డు ఉండాలి. పైగా ఒకచోట మూసేస్తే కలప అవసరం మాయమైపోదు. 1988 చివర్లో వచ్చిన ఘోరమైన వరదల తర్వాత థాయ్‌లాండ్ 1989లో అడవుల నరికివేతను నిషేధించింది. కలప కంపెనీలు సరిహద్దు దాటి మయన్మార్ వైపు చూశాయి. 1998 వరదల తర్వాత చైనా సహజ అడవుల్లో నరికివేతకు పగ్గాలు వేసింది. దిగుమతి దుంగలు పెరిగిపోయాయి.

హక్కుల దారి ఎలా ఉంటుందో గ్వాటెమాలాలోని పేటెన్ ప్రాంతంలో చూడొచ్చు. 1990లో ఏర్పడిన మాయా బయోస్ఫియర్ రిజర్వ్ దాదాపు 21 లక్షల హెక్టార్లు. అందులో కొన్ని భాగాలు పూర్తిగా మూసిన నేషనల్ పార్కులు. కొన్ని భాగాలను 25 ఏళ్ళ ఒప్పందాల మీద ఊళ్ళకు అప్పగించారు. ఊళ్ళవాళ్ళు ఏటా చిన్న ముక్కలో ఎంచిన మహాగని లాంటి చెట్లు మాత్రమే కొడతారు, తర్వాత ఆ ముక్కను దశాబ్దాల పాటు ముట్టుకోరు. పూలగుత్తుల్లో వాడే షాతె ఆకులు, చూయింగ్ గమ్‌కు పనికొచ్చే చికిల్ జిగురు కూడా అమ్ముకుంటారు. నిప్పు రాకుండా కాపలా కాసేదీ వాళ్ళే. ఇప్పుడు విచిత్రం చూడండి: కాగితం మీద పూర్తి రక్షణ ఉన్న లగూనా దెల్ తీగ్రె పార్క్‌లో పశువుల మేత భూముల కోసం అడవి విపరీతంగా తగలబడింది. వాషక్తూన్, కార్మెలీతా లాంటి ఊళ్ళ చేతిలోని అడవి చాలావరకు నిలిచింది. చెట్టు మీద బతుకు ఆధారపడినవాడు దాన్ని ఊరికే తగలబెట్టనివ్వడు.

అలాగని ఊరి చేతికిస్తే చాలు, అంతా సవ్యంగా జరుగుతుందని కాదు. పేటెన్‌లోనే కొన్ని ఒప్పందాలు పశువుల పెంపకం చొరబడి రద్దయ్యాయి. అడవితో పాత అనుబంధం లేని, రోడ్డు దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఈ పద్ధతి తేలికగా చెడిపోతుంది. ఎంచి కొట్టినా కొట్టడం కొట్టడమే. ఒక్క చెట్టూ పడని అడవి కావాలనుకుంటే ఇది సరిపోదు.

నా లెక్క ఇది. జనం లేనిచోట, కోర్టులు గట్టిగా ఉన్నచోట తాళమే మేలు. జనం తరతరాలుగా ఉంటున్నచోట, ప్రభుత్వం చెయ్యి సరిగ్గా అందనిచోట హక్కే మేలు. కుదిరితే రెండూ కలపాలి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం, అక్కడి ఆదివాసీ ఫస్ట్ నేషన్స్ కలిసి 2016లో గ్రేట్ బేర్ వర్షారణ్యం విషయంలో చేసింది అదే. 64 లక్షల హెక్టార్ల ప్రాంతం అది. అక్కడి అడవిలో 85 శాతాన్ని వాణిజ్య నరికివేతకు మూసేశారు, మిగతాదానిలో కఠినమైన షరతులు పెట్టారు.

ఆ ఒప్పందం వాంకూవర్ దీవికి వర్తించదు. అక్కడ ఫెయిరీ క్రీక్ దగ్గర పాత చెట్లను కాపాడాలని 2020లో మొదలైన ఆందోళనలో 1,100 మందికి పైగా అరెస్టయ్యారు. అది పచీడాట్ తెగ భూమి. బయటి ఆందోళనకారులు వెళ్ళిపోవాలని ఆ తెగ ఎన్నికైన నాయకత్వమే కోరింది, ఎందుకంటే కలప ఆదాయంలో తెగకూ వాటా ఉంది. 2021 జూన్‌లో ఆ తెగ మరో రెండు తెగలతో కలిసి అక్కడి పాత చెట్ల నరికివేతను రెండేళ్ళు ఆపమని అడిగింది, ప్రభుత్వం ఒప్పుకుంది. ఆపాలా నరకాలా అన్నది మేమే తేల్చుకుంటామన్నారు వాళ్ళు. హక్కు ఇచ్చాక ఆ మాటకు కట్టుబడాల్సిందే, జవాబు మనకు నచ్చినా నచ్చకపోయినా.