క్రాస్‌బోతో వేట: ఇంగ్లండా, అంటారియోనా, ఏది మేలు?

క్రాస్‌బోను (ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) వేట కోసమే కొంటున్నట్టయితే కెనడాలోని అంటారియో రాష్ట్రానికే నా ఓటు. గురి సాధనకు మాత్రమే అయితే ఇంగ్లండూ పనికొస్తుంది.

ఇంగ్లండులో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండానే కొనుక్కునేలా 1987 నాటి క్రాస్‌బోల చట్టం ఉంది. అంతకంటే చిన్నవాళ్లకు అమ్మినా, అద్దెకిచ్చినా నేరమే. తీగ లాగే బలం 1.4 కిలోల లోపున్న బొమ్మలాంటివాటికి ఆ చట్టం వర్తించదు. అయితే కొన్నాక వేటాడటం కుదరదు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం విల్లుతో గానీ, క్రాస్‌బోతో గానీ అడవి జంతువును చంపకూడదు. సొంత పొలంలో కుందేలైనా సరే. దుకాణంలో అమ్ముతున్నారు కదా అని వేటకు బయల్దేరేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

కెనడాలో కొనడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఒంటిచేత్తో గురిపెట్టి వదిలే పిస్తోలు రకాలు, మొత్తం పొడవు 500 మిల్లీమీటర్లు దాటనివి దేశమంతటా నిషిద్ధం. చవగ్గా దొరికిందని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇంట్లో ఉంచుకోవడమే నేరమవుతుంది.

అంటారియోలో వేటకు ముందు శిక్షణ, పరీక్ష, అవుట్‌డోర్స్ కార్డు (వేటగాళ్ల గుర్తింపు కార్డు), ఆ జంతువుకు తగిన లైసెన్సు ఉండాలి. తుపాకీ వద్దనుకునేవాళ్లకు హెచ్2 గుర్తింపు చాలు. ఇక పరికరం సంగతి: జింకకు 45 కిలోల బలం, మూస్‌కూ (భారీ జింక జాతి) నల్ల ఎలుగుకూ 54 కిలోలు, రెంటికీ తీగ కనీసం 300 మిల్లీమీటర్లు వెనక్కి రావాలి. బోల్టు (క్రాస్‌బో బాణం) మొన 22 మిల్లీమీటర్ల వెడల్పుతో, కనీసం రెండు పదునైన అంచులతో ఉండాలి. ఈ కొలతలకు కారణముంది. మొన ఇరుకైతే గాయం చిన్నదై, జంతువు చావక, పొదల్లో పడి నరకయాతన పడుతుంది.

తీగ ఎక్కించి (అంటే వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి) బోల్టు పెడితేనే అంటారియోలో లోడైనట్టు లెక్క, ఆ స్థితిలో కారులో పెట్టుకోకూడదు. బోల్టు తీసేశాం కదా అని తీగ ఎక్కించే ఉంచడం మాత్రం మంచిది కాదు. పొరపాటున ట్రిగ్గర్ తగిలితే ఖాళీగా విడుదలై విల్లు రెక్కలు చీలిపోతాయి.

సెలవులకు ఇండియా వచ్చేవాళ్లకు ఒక మాట. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం విల్లంబులను ఆయుధాల్లోనే చేర్చింది, చంపే ప్రయత్నాన్నీ వేటగానే లెక్కిస్తుంది. అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లాలంటే ముందే రాతపూర్వక అనుమతి ఉండాలి.