స్టెల్లారిస్: అంకె ఒకటి, అసలు బలం ఇంకొకటి

స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016 మే నెలలో విడుదల చేసిన ‘స్టెల్లారిస్’ అనే కంప్యూటర్ ఆటలో పోటీ సమఉజ్జీల మధ్య జరగదు. 2200వ సంవత్సరంలో మన జాతి సొంత సౌరకుటుంబం దాటి బయటికి వచ్చేసరికే, ఏనాడో వైభవం చూసి ఇప్పుడు కదలకుండా కూర్చున్న ప్రాచీన సామ్రాజ్యాలు అక్కడక్కడా తారసపడతాయి. వాటిలో ఒకరకం తన పొలిమేరల్లో ఎవరినీ సహించదు. దాని సరిహద్దు దగ్గర నేను స్థాపించిన వలస స్థావరాన్ని ఖాళీ చేయమని అది పంపిన తాఖీదును నేను పౌరుషానికి పోయి తిరస్కరించాను. నా నౌకాదళంలో సగానికి పైగా వాళ్ల మొదటి దెబ్బకే బూడిదైంది. చావు తప్పి కన్ను లొట్టబోయింది, తప్పు మాత్రం పూర్తిగా నాదే.

ఆట వచ్చిన తొలి ఏళ్లలో ఎదుటివారి బలం సులువుగానే తెలిసేది. 2021 ఏప్రిల్‌లో ఆటకు వచ్చిన 3.0 అప్‌డేట్ తర్వాత, మనకు అందిన సమాచారాన్ని నూటికి ఇన్ని పాళ్లని లెక్కగట్టి, ఆ మేరకే వారి ఆర్థిక, సాంకేతిక, సైనిక వివరాలను తెరపై చూపిస్తున్నారు. ఇంకా తెలుసుకోవాలంటే ఒక రాయబారిని వేగుల పనిలో పెట్టవచ్చు.

ఆటలోని అసలు రుచి ఇక్కడే ఉంది, ఎందుకంటే నౌకాదళం పక్కన కనిపించే బలం అంకె సగం నిజమే చెబుతుంది. ఫిరంగులు శక్తికవచాలను బాగా ఛేదిస్తాయి గాని లోహకవచం ముందు నీరసపడతాయి. లేజర్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. పొరుగు రాజ్యం నౌకలన్నీ మందమైన లోహకవచం తొడుక్కున్నాయని తెలిశాక, నా నౌకలను రేవుకు రప్పించి ఫిరంగులు తీయించి లేజర్లు బిగించాను. అంకెల్లో నేను వెనకబడే ఉన్నా యుద్ధం గెలిచాను. పైగా, పగిలిన శత్రునౌకల శకలాలను పరిశీలిస్తే వారి పరిజ్ఞానంలో కొంత మన పరిశోధనకు కలిసివస్తుంది.

నా అసంతృప్తి కూడా ఆ శకలాల దగ్గరే మొదలవుతుంది. వేగుల వల అల్లుకోవడానికి ఆట కాలంలో ఏళ్లు పడుతుంది, ఆపైన చేయించే రహస్య కార్యాలకు దక్కే ఫలితం స్వల్పం. ఒక్క పోరాటం తర్వాత ఏరుకున్న తుక్కు నాకు అంతకన్నా ఎక్కువ నేర్పింది. గూఢచర్యం కోసమే కొనదలచినవారు ముందు మూల ఆటతో సరిపెట్టుకోవచ్చు, సమాచార సేకరణ అందులోనే ఉంది. విడిగా అమ్మే ‘నెమెసిస్’ అనే అనుబంధ భాగం మరికొన్ని రహస్య కార్యాలను చేర్చినా, ఆ నత్తనడకను మాత్రం మార్చదు.