పీట్ డై కోర్సులు రెండు, ఇసుక నోటీసులు రెండు: విజ్లింగ్ స్ట్రెయిట్స్, కియావా లోకల్ రూల్స్‌పై సమీక్ష

గోల్ఫ్ టోర్నమెంటు మొదలయ్యే ముందు ఆటగాడి చేతిలో పెట్టే లోకల్ రూల్స్ (ఆ కోర్సుకు మాత్రమే వర్తించే నిబంధనలు) కాగితం కూడా నిర్వాహకులు అందించే సేవే. గ్రీన్లు (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) ఎలా ఉన్నాయి, ఏర్పాట్లు ఎలా ఉన్నాయి అని అందరూ రాస్తారు కానీ ఆ కాగితాన్ని పరీక్షించి చూసేవాళ్లు తక్కువ. పరీక్ష మాత్రం చిన్నదే. బంతి ఇసుకలో పడి, చుట్టూ జనం మూగి, గడియారం నడుస్తున్నప్పుడు క్లబ్ (బంతిని కొట్టే కర్ర) కింద ఆనించవచ్చా లేదా అన్నది ఆ కాగితం చూసి ఐదు సెకన్లలో తేలిపోవాలి. ఈ పరీక్షకు అమెరికాలో పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగిన రెండు కోర్సుల కన్నా మంచి ఉదాహరణలు లేవు: విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న విజ్లింగ్ స్ట్రెయిట్స్, సౌత్ కరోలినాలో అట్లాంటిక్ ఒడ్డునున్న కియావా ఐలండ్ ఓషన్ కోర్సు. రెండూ కోర్సుల డిజైనర్ పీట్ డై చేతి మీదుగా వచ్చినవే. ఇసుక విషయంలో మాత్రం రెండు నోటీసులూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

బంకర్ అంటే ఆటకు అడ్డంకిగా తయారు చేసిన ఇసుక గుంట; అందులో షాట్‌కు ముందు బంతి వెనక క్లబ్ ఆనిస్తే పెనాల్టీ. ముందు విజ్లింగ్ స్ట్రెయిట్స్. 2010 నోటీసులో మొట్టమొదటి అంశమే ఇది. బంకర్‌గా డిజైన్ చేసి కట్టిన ప్రతి ఇసుక గుంటా బంకరే, రేక్ చేసి (ఇసుకను చదును చేసి) ఉన్నా లేకపోయినా. ప్రేక్షకులను ఆపే తాళ్లకు అవతల ఉన్న బంకర్లలో ప్రేక్షకుల కాలిగుర్తులు, బండి చక్రాల గాడులు ఉండవచ్చు, వాటి నుంచి ఉచిత రిలీఫ్ (పెనాల్టీ లేకుండా బంతిని జరుపుకునే వీలు) ఉండదు అని కూడా స్పష్టంగా రాశారు. కాగితం ఇచ్చారు, లాకర్ రూమ్‌లో అంటించారు. అయినా ఆదివారం 18వ హోల్‌లో, ఒక షాట్ ఆధిక్యంలో ఉన్న డస్టిన్ జాన్సన్ కుడివైపు జనం తొక్కేసిన నేల మీద నిలబడి, బంతి వెనక ఇసుక మీద క్లబ్ ఆనించాడు. అది బంకర్ అని అతనికి తట్టనే లేదు. రెండు స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ పడి ఆ హోల్‌లో స్కోరు 5 కాస్తా 7 అయింది. మార్టిన్ కైమర్, బబ్బా వాట్సన్‌లతో ఆడాల్సిన ప్లేఆఫ్ చేజారి ఐదో స్థానానికి పడిపోయాడు. అంతకు ముందు 2004లో ఇదే కోర్సులో స్టువర్ట్ ఆపిల్‌బీకి మూడో రౌండులో నాలుగు స్ట్రోకులు పడ్డాయి: ఎండు గడ్డి తీసినందుకు రెండు, క్లబ్ ఆనించినందుకు రెండు.

నోటీసులో భాషాపరంగా తప్పేమీ లేదు. ఆ నిబంధనకు కారణం కూడా సబబే. విజ్లింగ్ స్ట్రెయిట్స్ స్థలం ఒకప్పుడు చదునైన సైనిక శిక్షణ కేంద్రం. దిబ్బలూ గుంటలూ అన్నీ మనిషి చేసినవే కాబట్టి ‘కట్టినదంతా బంకరే’ అనడం సహజం. లోపం మరోచోట ఉంది. బంకర్‌లోకి ప్రేక్షకులను నడవనిచ్చి, అంచులు చెరిగిపోయాక, అది బంకరేనని గుర్తుపట్టే పని ఆటగాడి మీద వదిలేశారు. ఆ గుంటల అంచున చిన్న గుర్తు ఒకటి పాతినా, ఆటగాడు షాట్‌కు సిద్ధమవుతుండగా ‘ఇది బంకర్’ అని వెంట నడిచే అధికారి ముందే చెప్పేలా పద్ధతి పెట్టినా సరిపోయేది. కాగితం వరకు మంచి మార్కులే. కోర్సు మీద దాన్ని నిలబెట్టిన తీరుకు మాత్రం మార్కులు వేయలేం.

ఇప్పుడు కియావా. 2012లో, మళ్లీ 2021లో, ఇక్కడ బంకర్ అన్న మాటే లేకుండా చేశారు. ఇసుక ఎక్కడున్నా జనరల్ ఏరియానే, అంటే బంకర్ల ప్రత్యేక నిబంధనలు వర్తించని మామూలు నేలే. సముద్రపు గాలికి ఇసుక కదిలే చోట, దిబ్బ ఎక్కడ ఆగి గుంట ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం కాబట్టి ఇది తెలివైన నిర్ణయం. ఐదు సెకన్ల పరీక్షలో ఇది పూర్తిగా నెగ్గుతుంది.

అయితే ‘బంకర్ కాదు’ అనగానే ఏం చేసినా చెల్లుతుందనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. క్లబ్‌ను తేలికగా ఆనించవచ్చు, ఇసుకను తాకుతూ ప్రాక్టీస్ స్వింగ్ వేయవచ్చు. కానీ బంతి వెనక ఇసుకను అదిమినా, తుడిచినా, ఆ స్వింగుతో లై (బంతి ఉన్న చోటు పరిస్థితి) మెరుగుపడినా పెనాల్టీయే. ఆకులూ పుల్లలూ తీయవచ్చు కానీ, ఇసుక లూజ్ ఇంపెడిమెంట్ (తీసేయదగిన విడి సహజ వస్తువు) కాదు. క్లబ్ ఆనించేటప్పుడు మెత్తటి ఇసుకలో బంతి కదిలితే ఒక స్ట్రోకు వేసుకుని, బంతిని తిరిగి అక్కడే పెట్టాలి. బంతి సగం పూడుకుపోయిందని ఎంబెడెడ్ బాల్ (పూడుకున్న బంతి) రిలీఫ్ అడిగినా రాదు. ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డి దారి) ఎత్తుకు కోయని చోట ఇసుకలో పూడుకున్న బంతికి ఆ నిబంధన వర్తించదు.

అసలు లాభం బంతిని అన్‌ప్లేయబుల్ (ఉన్న చోటు నుంచి ఆడలేనిది) అని ప్రకటించినప్పుడు కనిపిస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. నిజమైన బంకర్‌లో ఒక స్ట్రోకుతో పక్కకు రెండు క్లబ్బుల దూరంలోనో, జెండాకూ బంతికీ ఉన్న గీత మీద వెనక్కో డ్రాప్ చేయాలంటే (బంతిని చేత్తో జారవిడవాలంటే) ఆ బంకర్‌లోనే చేయాలి. అదే గీత మీద బయటికి వెళ్లాలంటే రెండు స్ట్రోకులు. కియావా తరహా నోటీసు ఉంటే ఆ రెండు స్ట్రోకులు ఒకటికి తగ్గుతాయి. కాలువ గోడలాంటి నిటారు ఇసుక గట్టు కింద బంతి ఇరుక్కున్నవాడికి ఇది చాలా పెద్ద తేడా.

2019లో వచ్చిన కొత్త నిబంధనలతో ఈ నోటీసుల భారం కొంత తగ్గింది. బంకర్‌లో రాళ్లు, ఆకులు, పుల్లలు తీయవచ్చు కాబట్టి రాళ్ల కోసం విడిగా లోకల్ రూల్ రాయాల్సిన పని లేదు. ఆపిల్‌బీ గడ్డి తీసిన చర్యకు ఈరోజు పెనాల్టీ పడదు. జాన్సన్ చేసినదానికి మాత్రం ఇప్పటికీ పడుతుంది. బంతికి సరిగ్గా ముందూ వెనకా ఇసుకను తాకడం, ప్రాక్టీస్ స్వింగులో గానీ, బ్యాక్‌స్వింగులో గానీ ఇసుకను తాకడం, ఇసుక ఎలా ఉందో చేత్తోనో క్లబ్బుతోనో పరీక్షించడం నిషేధమే. సేద తీరడానికి క్లబ్ మీద ఆనుకోవచ్చు, బ్యాగ్ లోపల పెట్టుకోవచ్చు.

అటు పూర్తిగా కాక, ఇటు పూర్తిగా కాక, రెండు రకాల ఇసుకా ఉండే కోర్సు పైన్‌హర్స్ట్ నంబర్ 2. అక్కడ వైర్‌గ్రాస్ అనే గడ్డి మొలిచిన సహజ ఇసుక నేల జనరల్ ఏరియా, తయారు చేసిన గుంటలు బంకర్లు. అలాంటి చోట అనుమానం వస్తే బంకరే అనుకుని ఆడాలి. క్లబ్ గాల్లో ఉంచితే పోయేదేమీ లేదు, ఆనిస్తే రెండు పోవచ్చు. రిలీఫ్ దగ్గర సందేహమైతే, స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే పోటీలో) రెండు బంతులు ఆడవచ్చు. ఏ బంతి లెక్కలోకి రావాలో ముందే మార్కర్‌కు (స్కోరు రాసేవారికి) చెప్పాలి. రెండింటికీ ఒకే స్కోరు వచ్చినా సరే, స్కోరు కార్డు ఇచ్చే ముందు టోర్నమెంటు కమిటీకి తెలియజేయాలి.

హైదరాబాద్, విశాఖల్లో వానాకాలం క్లబ్ టోర్నమెంట్లు నడిపేవాళ్లకు ఒక్క మాట. నీళ్లు నిండిన బంకర్లను గ్రౌండ్ అండర్ రిపేర్‌గా (ఉచిత రిలీఫ్ దొరికే, బాగులేని నేలగా), జనరల్ ఏరియాలో భాగంగా ప్రకటించవచ్చు, కానీ ‘నీళ్లు నిలిచిన బంకర్లన్నీ’ అని ఒకే వాక్యంలో రాయకూడదు. ఏ హోల్, ఎటువైపు బంకర్ అని ఒక్కొక్కటీ పేర్కొనాలి. కాగితంలో లేని బంకర్‌లో బంతి పడితే లోపలే ఉచిత డ్రాప్, బయటికి తీయాలంటే ఒక స్ట్రోకు. కాబట్టి ఉదయం మొదటి గ్రూపు టీ మీదికి వెళ్లేలోపే ఎవరో ఒకరు పద్దెనిమిది హోల్సూ తిరిగి చూసి ఆ జాబితా రాసి తీరాలి.