ఊరికే చెప్పిన జాకెట్టు కటింగ్‌కు డబ్బు తీసుకోవడం: మూడేళ్ల అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ముందు గదిలోనే నా కుట్టు మిషన్. 2019 నుంచి యూట్యూబ్‌లో జాకెట్టు కటింగ్ తెలుగులో చెబుతున్నాను, అన్నీ ఊరికే. 2022లో మొదటిసారి డబ్బు తీసుకుని నేర్పడం మొదలుపెట్టాను. ఈ మూడేళ్లలో మూడు పద్ధతులు నెలల తరబడి వాడి చూశాను. ఇలాగే ఆలోచిస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది ఛానల్ మెంబర్‌షిప్, అంటే వీడియోలు చూసేవాళ్లు నెలనెలా డబ్బు కట్టి ఛానల్లో సభ్యులుగా చేరడం. నెలకు 89 రూపాయలు. పన్నులు పోగా 70 శాతం మనకు, 30 శాతం యూట్యూబ్‌కు. యాడ్స్ డబ్బుతో కలిపి ఖాతాలో 100 డాలర్లు దాటితేనే బ్యాంకుకు వస్తుంది. ఎవరినీ డబ్బు అడగక్కర్లేదు, ఆ టెన్షన్ లేదు. కానీ నెలనెలా కొత్తగా ఏదో ఒకటి ఇవ్వాలి. నేను 32 నుంచి 42 వరకు సైజులవారీ కొలతల పట్టికలు ఇచ్చాను. అవన్నీ దించుకున్నాక చాలామంది వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు, ఒకసారి తీసుకుంటే చాలిపోయే వస్తువు అది. ఇప్పుడు మిగిలినవాళ్లు నా మీద అభిమానంతో ఉన్నవాళ్లే.

రెండోది రికార్డు చేసిన కోర్సు. ఒక యాప్ కంపెనీకి ఏడాది ఫీజు ముందే కట్టి 40 పాఠాలు పెట్టాను. సగం మంది ఐదో పాఠం దాటలేదు. ఒకావిడ డబ్బు వెనక్కి అడిగితే ఆ కంపెనీవాళ్లు మూడు వారాలు తిప్పించారు, చివరికి నేనే నా చేతి డబ్బు పంపాను. ఏడాది కాగానే ఆపేశాను. ఛానల్లో ఊరికే దొరికేదానికీ దీనికీ తేడా ఏముందని ముందే ఆలోచించుకోవాల్సింది.

మూడోది శనివారం క్లాసు. ఎనిమిది మంది, నాలుగు వారాలు, మనిషికి 1,500. ఎవరి కొలతలతో వాళ్ల జాకెట్టే కుట్టుకోవాలి. ఫీజు యూపీఐలో. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలకే ఆగిపోతుంది. అందుకని గంట పాఠం, ఆ తర్వాత ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు.

ఆ పది నిమిషాల కోసమే జనం డబ్బు కడుతున్నారని నాకు అనంతపురం అమ్మాయి వల్ల తెలిసింది. "అక్కా, మీ వీడియోలు చూసి ఆరు జాకెట్లు కుట్టినా. అన్నిటికీ చంక పైన ముడత వస్తాంది" అంది. కొలతలు చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. జాకెట్టు వేసుకుని కెమెరా ముందు మెల్లగా తిరగమన్నాను. భుజాలు బాగా జారుగా ఉన్నాయి. నేను వీడియోలో అందరికీ ఒకటే వాలు గీసి చూపించాను. మెడ దగ్గర కుట్టు కదపకుండా, చేతివైపు భుజం చివర పావు అంగుళం ఎక్కువ పట్టి, వాళ్లమ్మ చేత గుండుసూది పెట్టించాను. ముడత పోయింది. అదే పావు అంగుళం చంక కూడా కిందికి దించాలని సబ్బు ముక్కతో గీయించాను. ఆ అమ్మాయి ఏడో జాకెట్టు ఎలా కూర్చుందో చూసి నాకే కళ్లు చెమర్చాయి. వీడియోకు ఎదుటి మనిషి భుజం కనబడదు కదా.

ధర సంగతి. మొదట భయపడి 500 పెట్టాను. రెండో వారానికే సగం మంది మానేశారు. 1,500 చేశాక మానేవాళ్లు బాగా తగ్గారు.

"ఇదివరకు ఊరికే చెప్పేదానివి, ఇప్పుడు అమ్ముకుంటున్నావా?" అని ఒకావిడ అడిగింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నేను పాత వీడియో ఒక్కటి కూడా తీసెయ్యలేదు, తీసెయ్యనని ఛానల్లోనే చెప్పాను. ఒక్కొక్కరి జాకెట్టు చూసి సరిచేసే టైముకే డబ్బు తీసుకుంటున్నాను, అందులో నాకు తప్పు కనబడలేదు.

లోట్లు లేకపోలేదు. ఎనిమిది మందిని మించి చూసుకోలేను. పెళ్లిళ్ల సీజన్లో కుట్టు ఆర్డర్లతోనే సరిపోతుంది, బ్యాచ్ పెట్టలేను. నెలజీతంలా వస్తుందనుకుని ఉద్యోగం మానేసి ఇందులోకి దిగొద్దు.

ప్రతి బ్యాచ్‌లో కొత్తగా తగిలిన చిక్కును తర్వాత వీడియోగా చేస్తున్నాను. అనంతపురం అమ్మాయి సరేనంది. జారు భుజాల కటింగ్ ఈ గురువారం పెడుతున్నాను, ఊరికే.